కట్ చెప్పాక వేసిన ముడి

తొంభై రెండు మే నెలలో మా ఇంటిని పదిరోజులు షూటింగుకి ఇచ్చాం. ఇచ్చాం అంటే మా వారు ఇచ్చారు, నేను కర్టెన్లు ఉతికించాను. మా వారికి సినిమా పిచ్చి లేదు. సినిమావాళ్లు తెలుసని చెప్పుకునే పిచ్చి ఉంది. జూబ్లీ హిల్స్‌లో ఇల్లు కట్టిన ఆరేళ్లకి ఆ ముచ్చట తీరింది. ఇల్లు మామయ్యగారి పేరున ఉంది. అయినా ఆయన్నెవరూ అడగలేదు. అడిగితే వద్దంటారని కాదు. ఆయన ఏమైనా అనగలరన్న సంగతే అందరం మర్చిపోయాం.

మామయ్యగారు వీరరాఘవయ్యగారికి అప్పటికి డెబ్బై ఒకటి. గుడివాడ దగ్గర రెండు రైసుమిల్లులు, కృష్ణా జిల్లాకి సినిమాల డిస్ట్రిబ్యూషను, ఒకప్పుడు ఊరంతా ఆయన కారు హారను గుర్తుపట్టేదట. అన్నీ అమ్మేసి కొడుకు దగ్గరికి వచ్చారు. అత్తయ్యగారు పోయి తొమ్మిదేళ్లు. పొద్దున్నే పేపరు, తోటలో రెండు చుట్లు, భోజనం, నిద్ర, మళ్లీ తోటలో రెండు చుట్లు. ఆయన ఒక రోజు చూస్తే ఏడాది చూసినట్టే.

షూటింగు వాళ్లు దిగాక ఇంటి భూగోళం మారింది. నా బెడ్‌రూములో ఏసీ ఉంది కాబట్టి అక్కడ హీరోయిను. వరండాలో డైరెక్టరు, కెమెరా మనుషులు. కార్ల షెడ్డులో జూనియర్ ఆర్టిస్టులు. వాళ్లంతా యూసుఫ్‌గూడ, రహమత్ నగర్ నుంచి వ్యానులో వచ్చేవాళ్లు. పెళ్లి సీనైతే పట్టుచీరలు, గుడి సీనైతే పూలబుట్టలు ఇస్తారు. పలకడానికి మాట మాత్రం ఇవ్వరు. ఇంటివాళ్లకి ఎక్కడా చోటు రాసిపెట్టలేదు గనక మేం వంటింట్లో నిలబడి తిన్నాం.

రెండోరోజు మామయ్యగారు కరివేపాకు మొక్కకి గొట్టంతో నీళ్లు పడుతున్నారు. అది ఏడాదిగా పెరగనూ పెరగదు, చావనూ చావదు. షెడ్డు నీడలో కూర్చున్న ఒకావిడ కాసేపు చూసి, ఉండబట్టలేక అంది.

"గట్ల నీళ్లు వోస్తే ఏమొస్తది పెద్దసారూ. పులిసిన సల్ల పొయ్యాలె."

మామయ్యగారికి ఒకరు పని నేర్పి పాతికేళ్లయి ఉంటుంది. నేను కిటికీలోంచి చూస్తూ, ఇప్పుడు ఆవిణ్ణి ఏమంటారోనని నిలబడ్డాను. ఆయన గొట్టం కట్టేసి నేరుగా వంటింట్లోకి వచ్చి, "సత్యా, పుల్లటి మజ్జిగ ఉందా?" అన్నారు. మా ఇంట్లో ఆ రోజు దాకా పుల్లటి మజ్జిగ ఉండటం నా తప్పుల జాబితాలో ఉండేది.

ఆవిడ పేరు అనసూయమ్మ. యాభై అయిదు దాకా ఉంటాయి. భర్త పోయి పదకొండేళ్లు. అప్పట్నుంచీ సినిమాల్లో పెళ్లికొచ్చిన చుట్టంగానో, గుళ్లో భక్తురాలిగానో, ఆసుపత్రి బయట ఏడ్చే ఆడమనిషిగానో ఉంటోంది. కొళాయి దగ్గర నాకు చెప్పింది. "నూరు లగ్గాలకు వొయిన బిడ్డా. అన్నిట్ల విస్తరి ముంగట కూసున్న. ఒక్కదాన్ల ముద్ద నోట్లె వెట్టలే. తినకుండ్రి, మల్ల షాటుకు కావాలె అంటరు."

మామయ్యగారి చుట్లు రెండు నుంచి అయిదయ్యాయి, తర్వాత లెక్కలేదు. ప్రతి చుట్టూ షెడ్డు దగ్గర ఆగేది. ఇస్త్రీ పంచె కట్టుకోవడం మొదలుపెట్టారు. నాలుగోరోజు బీరువాలోంచి అత్తరు సీసా తీసి, ఎండిపోయిందని నాకు చూపించి, నేను నవ్వితే గబుక్కున పెట్టేశారు. ఆయన ఆవిడకి మిల్లుల గురించి చెప్పేవారు. ఆవిడ వినేది, మధ్యలో తప్పులు పట్టేది. బియ్యం గురించి ఒక ఆడమనిషి తనతో వాదించడం ఆయనకి ఎంత సరదాగా ఉందో గొంతులోనే తెలిసేది.

దీన్ని నేను ఆపలేదు సరికదా ఎగదోశాను. తోటలోని బెంచీని షెడ్డువైపు తిప్పించాను, ఎండ పడుతోందనే సాకుతో. కాఫీ ఒకే పళ్లెంలో రెండు కప్పులు పంపాను, అవీ చుట్టాలొస్తే తీసే కప్పులు. పద్నాలుగేళ్లుగా ఆ కుటుంబంలో నాకు దొరికిన వినోదం వారపత్రికలో సీరియలు. ఇది దానికంటే బాగుంది. పాత్రలు నా కాఫీ తాగుతున్నాయి.

ఎనిమిదోరోజు షష్టిపూర్తి సీను. హీరోయిన్ తాతకీ బామ్మకీ మళ్లీ పెళ్లి. ఆ వేషాలు వేసిన పెద్ద ఆర్టిస్టులిద్దరూ ఉదయం తమ షాట్లు అవగొట్టుకుని మద్రాసు విమానం ఎక్కేశారు. తాళి కట్టే చేతులు, వంగిన మెడ, ఆ క్లోజప్పు ఒక్కటే మిగిలింది. దానికి డూపులు చాలు. మెడకి అనసూయమ్మ సరిపోయింది. ముసలి చేతుల కోసం అసిస్టెంటు డైరెక్టరు షెడ్డంతా వెతుకుతున్నాడు.

"మా మామయ్యగారి చేతులు చూడండి" అన్నాను.

నేనే అన్నాను. ఎవరూ నా నోట్లో ఆ మాట పెట్టలేదు.

చేతులు చూశాడు, ఉంగరాలు చూశాడు, దణ్ణం పెట్టాడు. పురోహితుడి వేషగాడు ఒకాయన ఉన్నాడు, మామూలు రోజుల్లో ఏదో ఆఫీసులో గుమాస్తా. ఆ యూనిట్లో ఒక ఆనవాయితీ ఉందని చెప్పాడు. షూటింగులో తాళికి రెండు ముళ్లే. మూడోది వేసినట్టు చేతులాడించాలి తప్ప వేయకూడదు. మంత్రం కూడా చివరి ముక్క మింగేస్తాడట. వేస్తే నిజం పెళ్లి అయిపోతుందని భయం. కట్ చెప్పగానే కట్టినవాడే విప్పేయాలి.

మామయ్యగారి ఉత్తరీయం సర్దుతూ ఈ సంగతి నేనే చేరవేశాను. "రెండే వేయండి మామయ్యగారూ. మూడోది పడిందంటే ఈ వయసులో నేను కొత్త అత్తగారికి సేవ చేయాలి."

ఆయన నవ్వారు. ఆయన పళ్లు చూసి ఎన్నేళ్లయిందో. నవ్వి, "చేయలేవా?" అన్నారు.

"మీరు తెస్తే చేస్తాను" అన్నాను.

హాస్యానికే అన్నాను. హాస్యానికే అని తర్వాత ఎన్నిసార్లు నాకు నేను చెప్పుకున్నానో.

మొదటి టేకులో ఉంగరం ఆవిడ జుట్టుకి తగులుకుంది. రెండోదానిలో లైటు పోయింది. మూడోది ఓకే అయింది. కట్ అన్నారు, భోజనాలన్నారు, లైట్లు ఆరిపోయాయి. ఆ వేడికి హాలంతా ఒక్కసారిగా బయటికి తిరిగింది. ప్రాపర్టీ మనిషి అక్షింతల పళ్లెం నా చేతిలో పెట్టి తను కూడా పరుగెత్తాడు. పీటల మీద వాళ్లిద్దరూ, పక్కన నేను.

మామయ్యగారి చేతులు ఇంకా ఆవిడ మెడ మీదే ఉన్నాయి. విప్పుతున్నారనుకున్నాను. ముసలివాళ్లు బొత్తాం పెట్టుకున్నట్టు, నిదానంగా, దారం కొస మెలిపెట్టి లోపలికి తీస్తున్నారు.

"సారూ, గిది మూడోది" అంది అనసూయమ్మ, తల ఎత్తకుండా.

"తెలుసు" అన్నారాయన.

ఆవిడ ఇంకాస్త తల వంచింది. దారం జుట్టు కింద అందేలాగా.

నా చెయ్యి పళ్లెంలోకి వెళ్లింది. గుప్పెడు కాదు, చిటికెడు. ఇద్దరి మీదా వేశాను. ఒక గింజ మామయ్యగారి కనుబొమ్మలో నిలిచింది. ఆయన నావైపు చూశారు. ఇంట్లో నన్ను అందరూ చూస్తారు, కూరలో ఉప్పు చాలనప్పుడు. అలా కృతజ్ఞతగా చూసినవాళ్లు లేరు. నాకెంతో గొప్పగా అనిపించింది, అబద్ధమెందుకు.

రెండురోజులు ఎవరికీ తెలియలేదు. అనసూయమ్మ కొంగు మెడచుట్టూ కప్పుకుని తిరిగింది. బెంచీ మీద ఇద్దరూ అంతకుముందులా వాదించుకోవడం లేదు, ఊరికే కూర్చుంటున్నారు. మామయ్యగారు నాతో, షూటింగు వెళ్లిపోయాక అబ్బాయితో తనే మాట్లాడతానని, మేడమీద గదిలో పాత సామాను తీయించమని అన్నారు. నేను తీయించాను కూడా.

పదోరోజు సర్దుకుంటూ ప్రాపర్టీ మనిషి పసుపుతాడు, గిల్టు పుస్తెలు కనపడలేదన్నాడు. జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటు బాలనర్సయ్య షెడ్డులో అందర్నీ నిలబెట్టి అడిగాడు. అనసూయమ్మ కొంగు తీసి చూపించిందట. ఇటివ్వమన్నాడు.

"నా చేతులతోని నేను దియ్య" అందట. "కట్టినాయన్ని దియ్యమను."

ఆ మాట షెడ్డు నుంచి హాలుకి రావడానికి ఎంతసేపు పడుతుంది. మా వారు ఫోను చేస్తే, హిమాయత్‌నగర్ నుంచి ఆయన అక్కగారు శ్యామలాదేవి గంటలో దిగింది. షూటింగు సామాను ఎక్కిస్తున్న శబ్దం ఒకవైపు, మా హాల్లో ఇది ఒకవైపు. మామయ్యగారు సోఫాలో. అనసూయమ్మ గుమ్మం పక్కన నిలబడి. కూర్చోమని ఎవరూ అనలేదు, నాతో సహా.

వదినగారు గొంతు పెంచే మనిషి కాదు. ఇలాంటివాళ్లని చాలామందిని చూశానంది. ఇల్లు చూసింది, ముసలాయన్ని చూసింది, ఏమీ తెలియని మనిషి చేత తాళి కట్టించుకుంది, రేపు వాటా అంటుంది అంది. బాలనర్సయ్య చేతులు కట్టుకుని, తన మనుషులు అట్లాంటోళ్లు కాదు, ఈమెకేమైందో తెలవదు అంటున్నాడు.

మామయ్యగారే మాట్లాడారు. "ఆవిడ కట్టించుకోలేదమ్మా శ్యామలా, నేను కట్టాను. తెలిసే కట్టాను. మతి పోయి కాదు. సత్య ఎదురుగానే ఉంది, అక్షింతలు వేసింది. అడగండి."

అందరూ నావైపు తిరిగారు. మా వారి మొహంలో కోపం లేదు, ఇంటి పైకప్పు ఎగిరిపోతుందేమోనన్న భయం ఉంది. వదినగారి మొహంలో మాత్రం ఇంకో లెక్క మొదలవుతోంది. ఎదురుగా ఉందా, అక్షింతలు వేసిందా, అయితే ఇదంతా ఎవరు నడిపారు? బెంచీ ఎవరు తిప్పించారు, చేతులు ఎవరు చూపించారు, మేడమీద గది ఎవరు ఖాళీ చేయించారు? నాకు ఆ ప్రశ్నలన్నీ ఆవిడ అడక్కముందే వినపడ్డాయి.

"నేను వంటింట్లో ఉన్నాను వదినగారూ" అన్నాను. "చూడలేదు."

పద్నాలుగేళ్ల కాపురంలో నేను చెప్పిన మాటల్లో ఎవరూ ఎదురు ప్రశ్న వేయనిది అదొక్కటే. ఆడది వంటింట్లో ఉన్నానంటే ఉన్నట్టే. మా వారు ఊపిరి వదిలారు.

మామయ్యగారు నావైపు చూశారు. కోపంగా కాదు. తెలిసిన ఇల్లనుకుని తలుపు తట్టినవాడు, లోపలినుంచి ఎవరో కొత్తవాళ్లు వస్తే చూసినట్టు. తర్వాత కింద గచ్చు చూస్తూ ఉండిపోయారు.

అనసూయమ్మ ఆయన లేస్తారేమోనని కాసేపు చూసింది. ఆయన లేవలేదు. ప్రాపర్టీ మనిషిని కత్తెర అడిగింది. తనే మెడ వెనక్కి చేతులు పెట్టి కత్తిరించుకుని, తాడు టీపాయ్ మీద పెట్టి, మెట్లు దిగింది. గేటు దగ్గర బాలనర్సయ్య ఆవిడతో అంటుంటే కిటికీలోంచి వినపడింది. "రేపటి సంది రాకు. ఇండ్లల్ల షూటింగులకు నిన్ను వంపితే నా పేరు వోతది."

ఆ సాయంత్రం మా వారు బజారునుంచి నాకు మల్లెపూలు తెచ్చారు. పెట్టుకున్నాను.

మామయ్యగారు తోటలోకి పోవడం మానేశారు. పేపరు చదివేవారు గానీ మొదటి పేజీ తిప్పేవారు కాదు. భోజనానికి పిలిస్తే వచ్చేవారు, వడ్డిస్తే తినేవారు, చాలనేవారు కాదు. నాతో మాట మానలేదు. మానేస్తే బాగుండేది. "సత్యా, మంచినీళ్లు" అనేవారు అంతకుముందులాగే. ఆ 'సత్యా'ని మోయడం నావల్ల కాకపోయింది.

జూలైలో, యూసుఫ్‌గూడలో దర్జీ ఉన్నాడని చెప్పి రహమత్ నగర్ వెళ్లాను. మా వాచ్‌మన్ చెప్పిన గుర్తులు పట్టుకుని ముగ్గుర్ని అడిగితే గానీ ఇల్లు దొరకలేదు. ఒకటే గది. షూటింగులు లేవు, ఒక హాస్టల్లో రొట్టెలు చేస్తోందట. అరచేతులు ఎర్రగా కాలి ఉన్నాయి. నన్ను చూసి తలుపు మూయలేదు. చాప వేసింది.

"ఆ రోజు నేను..." అన్నాను.

"కూసో బిడ్డా, చెమట వట్టింది" అని నీళ్లిచ్చింది. నేను తాగేదాకా ఆగి, "నువ్వు సూసినవని నాకెరుకే. ఇంటికొచ్చి తల దువ్వుకుంటుంటె నీ బియ్యపు గింజలు రాలినయ్" అంది.

నా మీద కోపం లేదా అని అడిగాను. లేదంటుందని ఆశ.

"ఎందుకు లేదు. ఉన్నది" అంది. "ఉండి ఏం జేత్తం."

అందరితో నిజం చెప్పేస్తానన్నాను. ఇప్పుడు చెప్తే ఎవరికి లాభం, ఉన్న నీ ఇల్లు కూడ కరాబైతది అంది. ఒక్కటే అడిగింది. "పెద్దసారును ఒక్కపారి తోల్కరా. లగ్గం గిగ్గం ఏం వద్దు. కూసోని జరసేపు మాట్లాడుకుంటం. సుక్రారం నాకు పని ఉండది."

తీసుకొస్తానని ఆవిడ చేతిలో చెయ్యి వేశాను.

గురువారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు మామయ్యగారి ముందు నిలబడి ఉన్నదంతా చెప్పాను. అబద్ధం చెప్పానన్నాను. రేపు నేనే ఆటోలో తీసుకెళతానన్నాను. ఆయన కళ్లజోడు తీసి పంచె కొసతో చాలాసేపు తుడిచారు.

"నువ్వు లేదన్నావు. సరే. చిన్నదానివి, నీకు కాపురం ఉంది" అన్నారు. "నాకేముంది భయపడటానికి? నువ్వు లేదనగానే నేను లేచి, పదమ్మా మనం పోదాం అనాలి ఆవిడతో. ఇల్లు నాదేగా. లేవలేదు. ఆవిడ కత్తెర అడిగినప్పుడు కూడా కూర్చునే ఉన్నాను. ఇప్పుడు ఏ మొహంతో పోయి ఆవిడ ఎదురుగా కూర్చోమంటావు?"

ఆవిడ అదేం పట్టించుకోలేదు, రమ్మంది అన్నాను. తల అడ్డంగా ఊపారు. మరి ఆవిడకి ఏమని చెప్పను అని అడిగాను.

"ఏదో ఒకటి చెప్పు. నీకు చేతనవునుగా" అన్నారు.

ఎత్తిపొడుపు కాదు. ఆయనకి ఎత్తిపొడుపులు రావు. నా మీద నమ్మకంతోనే అన్నారు.

శుక్రవారం ఒక్కదాన్నే వెళ్లాను. గది ముందు నీళ్లు చల్లి ముగ్గేసి ఉంది. లోపల ఒక కుర్చీ, ఎవరింటినుంచో అడిగి తెచ్చినది, మీద తుండుగుడ్డ పరిచి ఉంది. అనసూయమ్మ వంకాయరంగు చీర కట్టుకుంది, మడతల గీతలు ఇంకా పోలేదు. నా వెనక చూసింది. ఆటోలోంచి దిగడానికి ఆలస్యమవుతోందేమోనని ఇంకా చూసింది.

"మామయ్యగారికి జ్వరం" అన్నాను.

ఎన్నిరోజుల నుంచి అంది. మూడు అన్నాను. డాక్టరుకు చూపించిండ్రా, సలి గిట్ట వెడుతుందా అంది. అన్నిటికీ జవాబులు చెప్పాను, ఒక్కదానికీ తడుముకోలేదు. నిజం చెప్తే ఆయన రానన్నారని తెలుస్తుంది. అది ఆవిడకి తెలియకూడదని అబద్ధం చెప్పాననుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆవిడకి మొదటిమాటకే తెలిసిపోయిందేమో. కానీ అడగడం మానలేదు.

లేచి, పొయ్యి దగ్గర మూతపెట్టిన గిన్నెలోంచి సర్వపిండి అప్పలు రెండు తీసి, పేపర్లో చుట్టి ఇచ్చింది. "జెరమొచ్చినోళ్లకు నోరు సప్పగుంటది. జర కారం ఎక్కువేసిన. తినమను."

ఆటోలో అవి నా ఒళ్లో వేడిగా ఉన్నాయి. ఇంటికి తీసుకెళ్లి ఆయన ముందు పెడితే ఆవిడ ఎదురుచూసిందని తెలుస్తుంది. దారిలో పడేయడానికి చెయ్యి రాలేదు. కృష్ణానగర్ దాటాక పొట్లం విప్పాను. చెక్‌పోస్టు వచ్చేలోపు రెండూ తినేశాను. పల్లీలు, నువ్వులు, కరివేపాకు, అంచుల్లో కరకర. కళ్లవెంట నీళ్లు కారుతుంటే ఆటోవాడు అద్దంలో చూసి, నీళ్లు కావాల్నా అమ్మా అన్నాడు. వద్దన్నాను. చాలా బాగున్నాయి. అది ఎవరితోనూ అనలేకపోయాను.

ఇంటికొచ్చేసరికి మామయ్యగారు వరండాలో ఉన్నారు, నెలన్నర తర్వాత మొదటిసారి. కూర్చోలేదు, స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నారు. నేను చెప్పులు విప్పేదాకా ఆగారు.

"ఏమంది?"

"త్వరగా తగ్గాలంది మామయ్యగారూ."

"ఏది?"

"జ్వరం."

ఆయనకి ఒక క్షణం అర్థం కాలేదు. తర్వాత స్తంభం మీది చెయ్యి తీసి, నుదుటి మీద పెట్టుకుని చూసుకున్నారు.